1,59,11,591: ఒక పెద్ద సంఖ్యను కాగితం, పెన్నుతో విప్పి చూడటం ఎలా?

చిక్కడపల్లిలో మా ఇంట్లోనే సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఆదివారం ఇంట్లోవాళ్లతో చార్మినార్ చూసి వచ్చాడు. మర్నాడు నోట్‌బుక్ చివరి పేజీలో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా దాన్ని కట్టించిన సంవత్సరాన్ని రెండుసార్లు పక్కపక్కనే రాసి నా ముందు పెట్టాడు: 15911591. "సార్, ఇది ప్రధాన సంఖ్యనా కాదా? ఫోన్ చూడకుండా చెప్పండి" అన్నాడు.

ఆ రోజు మేమిద్దరం గంటన్నర దానితోనే కూర్చున్నాం. సిలబస్ పక్కకు పోయింది. ఆ గంటన్నరలో చేసిన పనినే ఇక్కడ అడుగడుగునా రాస్తున్నాను. మీ దగ్గర ఏ పెద్ద సంఖ్య ఉన్నా ఇదే వరసలో పరీక్షించవచ్చు. కావలసింది రఫ్ పేపర్, పెన్ను, ఇరవై దాకా ఎక్కాలు. క్యాలిక్యులేటర్ చివర్లో సరిచూసుకోవడానికి ఉంచుకోండి.

ముందు సంఖ్యను చదవండి

చాలామంది ఈ పని చేయరు. ఎనిమిది అంకెలు కనిపించగానే భాగహారం మొదలుపెడతారు. ముందు కామాలు పెట్టి నోరారా చదవండి: 1,59,11,591. ఒక కోటి యాభై తొమ్మిది లక్షల పదకొండు వేల ఐదు వందల తొంభై ఒకటి. పరిమాణం చెవికి తెలియాలి.

తర్వాత దీని వర్గమూలం ఎక్కడుందో అంచనా వేయండి. 4000 వర్గం 1,60,00,000. మన సంఖ్య దానికి కొంచెం తక్కువ కాబట్టి వర్గమూలం 4000కు కాస్త కింద ఉంటుంది. 3988 వర్గం 1,59,04,144, 3989 వర్గం 1,59,12,121. మన సంఖ్య ఈ రెంటి మధ్య పడింది. అంటే ఇది వర్గ సంఖ్య కాదు. ఇది సంయుక్త సంఖ్య అయితే 3988 లోపు ఒక ప్రధాన కారణాంకం ఉండి తీరాలి.

ఇక్కడే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. 3988 లోపు ప్రధాన సంఖ్యలు దాదాపు 550 ఉన్నాయి. అన్నిటితో ఒక్కొక్కటిగా భాగించాలంటే రాత్రంతా పడుతుంది. అందుకే భాగహారానికి ముందు సంఖ్య ఎలా కట్టి ఉందో చూడాలి. ఈ మొత్తం పద్ధతిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే.

చిన్న పరీక్షలు త్వరగా ముగించండి

చివరి అంకె 1. కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 1+5+9+1+1+5+9+1 = 32. మళ్లీ కలిపితే 5. కాబట్టి 3, 9 పోయాయి. 9తో భాగిస్తే వచ్చే శేషం 5 అని మార్జిన్‌లో రాసి పెట్టుకోండి, చివర్లో అది పనికొస్తుంది.

11 కోసం కుడి నుంచి ఎడమకు ఒక అంకెను కలుపుతూ, తర్వాతిదాన్ని తీసేస్తూ వెళ్లండి: 1−9+5−1+1−9+5−1 = −8. సున్నా కాదు, 11 గుణిజమూ కాదు. −8కి 11 కలిపితే 3. అంటే 11తో భాగిస్తే శేషం 3. దీన్నీ రాసుకోండి.

అంకెలను గుంపులు కట్టండి

బడిలో 2, 3, 5, 9, 11 భాజనీయతా సూత్రాలు నేర్పి, 7 దగ్గరకు వచ్చేసరికి "భాగించి చూడు" అని వదిలేస్తారు. నిజానికి 7, 11, 13 మూడింటినీ ఒకేసారి పరీక్షించే దారి ఉంది. 7 × 11 × 13 = 1001. వెయ్యికి ఒకటి ఎక్కువ. అందువల్ల 1001 దృష్టిలో 1000కి −1 విలువ, అంటే శేషం చూసేటప్పుడు 1000 బదులు −1 పెట్టుకోవచ్చు. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడదీసి, ఒక గుంపును కలుపుతూ తర్వాతి గుంపును తీసేయాలి.

మన సంఖ్యలో గుంపులు 15, 911, 591. కుడి నుంచి: 591 − 911 + 15 = −305. ఇప్పుడు 305ను మాత్రం చూస్తే చాలు. 7తో భాగిస్తే శేషం 4, 11తో 8, 13తో 6. మూడూ పోయాయి. కోటిన్నర దాటిన సంఖ్యకు మూడు పరీక్షలు, ఒక్క కూడికలో.

ఇప్పుడు అవే గుంపులను తీసివేయకుండా కలపండి. 999 అంటే 27 × 37. 999 దృష్టిలో 1000 విలువ 1, కాబట్టి గుంపులన్నీ కలిపేయవచ్చు. 591 + 911 + 15 = 1517. దాన్నీ విడదీసి కలిపితే 1 + 517 = 518. ఇక 518ని 37తో భాగించండి: 37 × 14 = 518. శేషం లేదు!

37 దొరికింది. అబ్బాయి కుర్చీలోంచి లేచాడు. సంఖ్య ప్రధానం కాదని తేలిపోయింది కాబట్టి అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే. కానీ విప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపాలని నాకు అనిపించలేదు, వాడికీ అనిపించలేదు.

ఈ సంఖ్య కట్టడం చూడండి

మూడేసి గుంపులు పని చేశాయి. మరి నాలుగేసి? 1591, 1591. ఒకటి కలిపి ఒకటి తీసేస్తే సున్నా. పదివేలకు −1 విలువ ఇచ్చే సంఖ్య 10001, కాబట్టి 10001 మన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది. ఇంకా తేలికగా చెప్పాలంటే, ఒక నాలుగంకెల సంఖ్యను రెండుసార్లు రాయడమంటే దాన్ని 10001తో గుణించడమే:

15911591 = 1591 × 10001

మీరు పుట్టిన సంవత్సరాన్ని రెండుసార్లు రాసినా ఇదే జరుగుతుంది. మూడంకెల సంఖ్యను రెండుసార్లు రాస్తే అది 1001తో గుణించినట్టు, కాబట్టి 7, 11, 13 మూడూ దాన్ని భాగిస్తాయి. రెండంకెల సంఖ్యను మూడుసార్లు రాస్తే 10101తో గుణించినట్టు, 10101 అంటే 3 × 7 × 13 × 37. పెద్ద సంఖ్యలో ఎక్కడ పునరావృతం కనిపించినా ముందు దాన్ని బయటికి తీయండి. ఎనిమిదంకెల సమస్య ఇప్పుడు నాలుగంకెలది ఒకటి, ఐదంకెలది ఒకటిగా మారిపోయింది.

1591: వర్గాల తేడా

37 ఇప్పటికే తెలుసు కాబట్టి 1591ని దానితో భాగిస్తే సరిపోతుంది. కానీ ఇక్కడ ఒక అందమైన దారి ఉంది, 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ ఫెర్మా చూపించినది. బేసి సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే, కారణాంకాలు వాటంతటవే బయటపడతాయి. ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న సర్వసమీకరణమే ఇది: రెండు వర్గాల తేడా = మొత్తం × భేదం.

చేసే తీరు ఇది. సంఖ్యకు పైనున్న మొదటి వర్గాన్ని తీసుకోండి. అందులోంచి సంఖ్యను తీసేయండి. మిగిలింది వర్గ సంఖ్య అయితే పని అయిపోయింది, కాకపోతే తర్వాతి వర్గానికి వెళ్లండి. 1591కి పైన మొదటి వర్గం 40² = 1600. తేడా 9. అది 3². మొదటి ప్రయత్నంలోనే:

1591 = 40² − 3² = (40 − 3)(40 + 3) = 37 × 43

చార్మినార్ సంవత్సరం ఇంత చక్కగా విడిపోతుందని నాకు ఆ రోజు వరకు తెలియదు. ఎన్నేళ్లుగానో ఆ సంవత్సరాన్ని పలుకుతున్నాను, ఒక్కసారి కూడా విడదీసి చూడలేదు.

10001: ఐదు ప్రయత్నాలు లేదా మూడు

ఇదే పద్ధతి 10001 మీద. 101² − 10001 = 200, వర్గం కాదు. 102కి 403, కాదు. 103కి 608, కాదు. 104కి 815, కాదు. 105² = 11025, తేడా 1024. అది 32². కాబట్టి 10001 = (105 − 32)(105 + 32) = 73 × 137.

రెండో దారి ఇంకా చిన్నది, కొంచెం ఆలోచన కావాలి. 10001 అంటే పది నాలుగో ఘాతానికి ఒకటి కలిపినది. దాన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకోండి. ఆ ప్రధాన సంఖ్యతో భాగించేటప్పుడు 10⁴ విలువ −1. దాన్ని వర్గం చేస్తే 10⁸ విలువ 1. అంటే 10ని తనతోనే గుణిస్తూ పోతే మొదటిసారి 1కి తిరిగివచ్చేది సరిగ్గా ఎనిమిదో మెట్టు మీద. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ మెట్ల సంఖ్య, ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే వచ్చేదాన్ని భాగించాలి. కాబట్టి 10001 కారణాంకం ఏదైనా 8తో భాగిస్తే శేషం 1 ఇవ్వాలి.

100 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు ఐదే: 17, 41, 73, 89, 97. 17తో శేషం 5. 41తో శేషం 38. 73తో సున్నా. మూడో ప్రయత్నంలో దొరికింది. ఎనిమిది మెట్ల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ ఎదురవుతుంది.

73 మన దగ్గర చాలా పాత చుట్టం. తొమ్మిదో శతాబ్దంలో జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు 152207 × 73 = 11111111 అని ఒక లెక్క ఇచ్చాడు. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే ఇలాంటి లబ్ధాలను మెడలో హారాలతో పోల్చాడు. ఆయన గణితసార సంగ్రహాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఆ హారం ఎందుకు కుదిరిందో ఇప్పుడు మీకు తెలుసు: 11111111 అంటే 1111ని రెండుసార్లు రాయడం, అంటే 1111 × 10001. అందులో 73 ఉండక తప్పదు.

మొత్తం ఒకచోట చేరిస్తే:

15911591 = 37 × 43 × 73 × 137

ఒక్క మాట. ఫెర్మా పద్ధతిని విడదీయకుండా ముందే మొత్తం సంఖ్య మీద వేసి ఉంటే? 3989 నుంచి మొదలుపెట్టి 4104 దాకా వెళ్లాలి. 4104² లోంచి మన సంఖ్యను తీసేస్తే 9,31,225, అది 965². అంటే 116వ ప్రయత్నం. రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉంటేనే ఈ పద్ధతి వేగంగా ముగుస్తుంది.

సరిచూసుకోండి

ఈ అడుగు దాటేయకండి. చేత్తో చేసిన గుణకారంలో తప్పు రావడం సహజం. మార్జిన్‌లో రాసుకున్న శేషాలు ఇప్పుడు తీయండి. 9తో భాగిస్తే 37కి శేషం 1, 43కి 7, 73కి 1, 137కి 2. గుణిస్తే 14, అంటే 5. మన సంఖ్యకూ 5.

తొమ్మిది పరీక్షకు ఒక లోపం ఉంది. 43కు బదులు 34 అని తారుమారు చేసి రాసినా అది పట్టుకోలేదు, ఎందుకంటే అంకెల మొత్తం మారదు. 11 పరీక్ష పట్టుకుంటుంది. 11తో శేషాలు 4, 10, 7, 5. 4 × 10 = 40, శేషం 7. 7 × 7 = 49, శేషం 5. 5 × 5 = 25, శేషం 3. ముందు వచ్చింది 3. రెండూ కలిశాయి. బ్యాంకు పరీక్షలకు తయారయ్యేవాళ్లకు ఈ జోడు పరీక్ష తప్పకుండా నేర్పుతాను.

కారణాంకాలు దొరికాక ఏమేమి చెప్పవచ్చు

నాలుగు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటీ ఒక్కసారే. ప్రతిదాన్నీ తీసుకోవచ్చు లేదా వదిలేయవచ్చు, కాబట్టి భాజకాలు 2 × 2 × 2 × 2 = 16. వాటిలో 430043, 370037 కూడా ఉన్నాయి. 37ను తీసేస్తే 43 రెండు చివర్లా, 43ను తీసేస్తే 37 రెండు చివర్లా నిలబడ్డాయి చూడండి.

అన్ని భాజకాల మొత్తం కావాలంటే ప్రతి ప్రధాన సంఖ్యకూ 1 కలిపి గుణించాలి: 38 × 44 × 74 × 138 = 1,70,74,464. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 11,62,873. మిగతా భాజకాలన్నీ కలిసినా సంఖ్యలో పదో వంతుకు కూడా చేరలేదు. 28 లాంటి పరిపూర్ణ సంఖ్యలో భాజకాలు 1+2+4+7+14 కలిసి సరిగ్గా 28 అవుతాయి. మనది దానికి చాలా దూరం. చిన్న కారణాంకాలు లేని సంఖ్య ఇలాగే ఉంటుంది.

దీనికంటే చిన్నవైన సంఖ్యల్లో, దీనితో 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? ఈసారి 1 తీసేసి గుణించండి: 36 × 42 × 72 × 136 = 1,48,05,504. అంటే నూటికి 93. కళ్లు మూసుకుని ఒక సంఖ్యను ఎంచుకుంటే అది దీనితో ఏ సంబంధమూ లేనిదే కావడానికి అవకాశం ఎక్కువ.

దశాంశం సంగతి నాకు మరీ ఇష్టం. 1ని 73తో భాగిస్తే 0.01369863 అనే ఎనిమిది అంకెలు పదే పదే వస్తాయి. 137తో భాగిస్తే 0.00729927, అదీ ఎనిమిదే. ఇవే ఇందాకటి ఎనిమిది మెట్లు. 37కి ఆవృతం 3 అంకెలు, 43కి 21. 3, 21, 8, 8ల క.సా.గు. 168. కాబట్టి 1ని 15911591తో భాగిస్తే దశాంశంలో 168 అంకెల గుంపు తిరిగి తిరిగి వస్తుంది. భాగహారం చేయకుండానే ఈ మాట చెప్పగలిగాం.

వర్గాలుగా విడదీయగలమా?

37 = 6² + 1². 73 = 8² + 3². 137 = 11² + 4². కానీ 43ను రెండు వర్గాల మొత్తంగా రాయడం ఎవరివల్లా కాదు. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్య ఒక్కసారి కారణాంకంగా ఉంటే, మొత్తం సంఖ్యకే ఆ అవకాశం పోతుంది. కారణాంకాలు తెలియకపోయినా చివరి రెండంకెలు చూసి చెప్పవచ్చు: 91ని 4తో భాగిస్తే శేషం 3.

మూడు వర్గాలు? చివరి మూడంకెలు 591, 8తో భాగిస్తే శేషం 7. ఏ వర్గాన్నైనా 8తో భాగిస్తే శేషం 0, 1, 4 మాత్రమే. మూడు కలిపి 7 తెప్పించి చూడండి, రాదు. నాలుగు వర్గాలు మాత్రం ఏ సంఖ్యకైనా సరిపోతాయని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. మన సంఖ్యకు ఆ నాలుగూ వెతకడానికి మాకు పది నిమిషాలు పట్టింది:

15911591 = 3987² + 123² + 17² + 2²

వెతికే తీరు చెబుతాను. వర్గమూలానికి దగ్గరగా మొదలుపెట్టండి. 3988 తీసుకుంటే మిగిలేది 7447, దాన్ని 8తో భాగిస్తే శేషం 7, కాబట్టి మూడు వర్గాలకు లొంగదు, వదిలేయండి. 3987 తీసుకుంటే మిగిలేది 15422, శేషం 6, ఫర్వాలేదు. 124² తీసేస్తే 46 మిగులుతుంది, అది రెండు వర్గాలు కాదు. 123² తీసేస్తే 293. అది 289 + 4.

ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది

మన సంఖ్య విడిపోయింది దానికి ఒక ఆకారం ఉండబట్టి. ఏ ఆకారమూ లేకుండా, రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి తయారుచేసిన సంఖ్య ముందు ఈ ఉపాయాలన్నీ నిలబడవు. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య లిపి ఆ కష్టం మీదే ఆధారపడింది. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ-250ని 2020లో గాని విడదీయలేకపోయారు, అది కూడా ఎన్నో కంప్యూటర్లు కలిసి పని చేస్తే.

పిల్లలు ఇక్కడ ఒక పొరపాటు పడతారు. ప్రధానమా కాదా అని తేల్చడం, కారణాంకాలు కనుక్కోవడం ఒకే పని అనుకుంటారు. మొదటిది చాలా తేలిక. సంఖ్య ఎంత పెద్దదైనా దాన్ని సమర్థంగా, సందేహం లేకుండా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుక్కున్నారు. కారణాంకాలకు అలాంటి దారి మామూలు కంప్యూటర్లకు ఇంతవరకు దొరకలేదు.

మీరు చేయండి

మన ఊరి పిన్ కోడ్‌లు మంచి సాధన. దిల్‌సుఖ్‌నగర్ 500060 తీసుకుంటే 20 వెంటనే బయటికొస్తుంది, 11 పరీక్ష కూడా నెగ్గుతుంది. మిగిలిన 2273 ప్రధాన సంఖ్యేనని 47 వరకు భాగించి మీరే తేల్చాలి. కూకట్‌పల్లి 500072లో 8 తీసేశాక 17 దాక్కుని ఉంది.

కోఠి 500095, తిరుమలగిరి 500015 కాస్త మొండివి. 5 తీసేస్తే ఒకదానిలో 100019, మరోదానిలో 100003 మిగులుతాయి. లక్ష దాటాక వచ్చే మొదటి రెండు ప్రధాన సంఖ్యలు ఇవే. వాటిని నిరూపించాలంటే 316 లోపున్న 65 ప్రధాన సంఖ్యలతోనూ పరీక్షించాలి. 2, 3, 5, 7, 11, 13, 37 పైన చెప్పిన ఉపాయాలతో పోతాయి. ఇక 58 మిగిలాయి. ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి 100019 తీసుకుని 17 నుంచి మొదలుపెట్టాడు.